భద్రాచలం, పాపికొండలు, చింతూరు సంత: ఎక్కడ బాగుంది, ఎక్కడ దోచారు

పాపికొండల బోటు టికెట్ భద్రాచలంలో ఏజెంట్ల దగ్గర కొనకండి. ముందు ఈ మాట చెప్పేసి మిగతాది రాస్తాను. ఇంటికొచ్చి వారమైనా మావారు ఇంకా ఆ ఎనిమిది వందల గురించే మాట్లాడుతున్నారు.

గుడికి దగ్గర్లో ఒక ట్రావెల్స్ షాపు. బోటు, టిఫిన్, భోజనం అన్నీ కలిపి మనిషికి 1,150 అన్నాడు, రేవులో టికెట్లు దొరకవు మేడమ్ అని టెన్షన్ కూడా పెట్టాడు. నలుగురికీ 4,600 కట్టి, డెబ్బై కిలోమీటర్లకు పైగా మా కారులోనే పోచవరం వెళ్తే అక్కడ కౌంటరు పక్కన బోర్డు: పెద్దలకు 950, భోజనంతో సహా. కౌంటరు ముందు పట్టుమని పదిమంది లేరు! ఫోన్ చేస్తే సర్వీస్ ఛార్జీ అన్నాడు, రెండోసారి ఎత్తలేదు. మా మరిది, పోనీలే వదినా, రాముడి పేరు చెప్పి ఇచ్చామనుకుందాం అన్నాడు. మావారు మాత్రం పేరంటాలపల్లి వచ్చేదాకా నోరు విప్పలేదు.

బోటు వాళ్లని తప్పు పట్టను. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగి అంత ఘోరం జరిగాక గట్టిగానే ఉంటున్నారు, లైఫ్ జాకెట్ వేసుకోనిదే కదలనివ్వలేదు, తలలు లెక్కపెట్టుకుని మరీ వదిలారు. అన్నం చల్లారిపోయింది, సాంబారు పర్లేదు. కానీ ఆ డీజే ఏంటి? రెండు కొండల మధ్య గోదావరి సన్నబడి, మలుపు తిరిగితే గానీ దారి ఉందో లేదో తెలియని చోట ఐటమ్ సాంగ్స్ పెట్టి పిల్లలతో స్టెప్పులు వేయిస్తున్నారు. సౌండు తగ్గించమని మరిది అడిగితే, మిగతావాళ్లకి కావాలి సార్ అన్నారు. కావాలన్నవాళ్లు నాకైతే కనపడలేదు.

పేరంటాలపల్లిలో శివాలయం చూసి దిగుతుంటే కొండరెడ్డి గిరిజన ఆడవాళ్లు వెదురుతో అల్లిన పూలసజ్జలు, చిన్న చిన్న పడవలు పెట్టుకుని కూర్చున్నారు. సజ్జ 120. దానికి అరవై ఇస్తానని బేరమాడుతున్న ఆయన, బోటులో చిప్స్ ప్యాకెట్‌కి రేటు కంటే పది ఎక్కువ అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చినాయనే. మేం రెండు తీసుకున్నాం.

రామయ్య దర్శనం, పర్ణశాల బాగా జరిగాయి, అత్తయ్య తృప్తిపడ్డారు. భద్రాచలం లాడ్జి గురించి మాత్రం ఒక్క ముక్క. 1,800 ఏసీ గది, గీజరు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే, అదీ గదిలో దిగాక చెప్పారు.

ఇక అసలు సంగతి. అందరూ బోటెక్కి వెనక్కి వెళ్లిపోతారు గానీ, ఈ ప్రాంతాన్ని చూడాలంటే శబరి నది పక్కన పైకి వెళ్లాలి. భద్రాచలం తెలంగాణ, ఊరు దాటి ఎటపాక రాగానే ఆంధ్ర. కూనవరం, వీఆర్ పురం, చింతూరు ఒకప్పుడు ఖమ్మం జిల్లావే, 2014లో ఆంధ్రలో కలిపారు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. అక్కడ టీ కొట్టాయన 2022 వరద ఎంత దూరం వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపించాడు, ఆ జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఇప్పుడు పోలవరం ముంపు భయం. ఇల్లు బాగుచేసుకోవాలో వద్దో తెలియడం లేదన్నాడు.

చింతూరు నుంచి కాస్త ముందుకెళ్తే ఛత్తీస్‌గఢ్‌లోని కోంట, నది అవతల ఒడిశా మోటు. అందుకే చింతూరు సంతలో ఒక పక్క కోయ మాటలు, ఒక పక్క హిందీ, మధ్యలో మన తెలుగు. మేం ఫిబ్రవరిలో వెళ్లాం, కొత్త చింతపండు, కొండచీపుళ్లు, కందులు, అడ్డాకులు కుప్పలు పోసి ఉన్నాయి. గింజ తీసిన చింతపండు కిలో 90, చీపురు 50. కందులు కిలోల్లో కాదు, మానికతో కొలిచి పోస్తున్నారు, కొలిచాక పైన ఇంకో గుప్పెడు వేస్తారు. అత్తయ్య ఆ గుప్పెడికే పడిపోయి బేరం మానేశారు.

సంత మొదట్లోనే తక్కెళ్లు పెట్టుకుని షావుకార్లు నిలబడతారు. అడవి నుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషిని లోపలికి రానివ్వకుండానే టోకున కొనేస్తారు. ఆ తూకం చూసి మావారికి మళ్లీ ట్రావెల్స్ షాపు గుర్తొచ్చింది. గిరిజనులకి ఈ బాధ తప్పించడానికే 1956లో జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థ, పెట్టారు. తేనె కావాలంటే రోడ్డు పక్క సీసాలు వద్దు, జీసీసీ షాపులోనే కొనండి. మిగతావి మాత్రం నేరుగా బుట్ట దగ్గర కూర్చుని కొనండి, అడిగినంత ఇవ్వండి.

చింతూరు నుంచి మారేడుమిల్లి ఘాట్ నలభై కిలోమీటర్లు, ఇరుకు మలుపులు. చీకటి పడకముందే దాటేయండి. మారేడుమిల్లిలో గది 2,000, శుభ్రంగా ఉంది, వేడినీళ్లకి టైమ్ టేబుల్ లేదు. బొంగులో చికెన్ కిలో 650. ముందే కాల్చి పెట్టిన బొంగులు కొనకండి. మా కళ్లముందే కోడి కోయించి, మసాలా కలిపి, పచ్చి వెదురులో కూరి, ఆకుతో మూతిబిగించి నిప్పుల మీద పెట్టింది ఒకావిడ. చుక్క నూనె లేదు, ముప్పావుగంట పట్టింది. బొంగు చీల్చి ఆకులో వంపగానే మావారు మొదటిసారి నవ్వారు. అత్తయ్య శనివారమని ముట్టలేదు, ఆదివారం పొద్దున్నే పళ్లు తోముకుంటూ, ఆవిడ ఎన్నింటికి తెరుస్తుందే అని అడిగారు.

సంత ఏ వారమో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చిల్లర నోట్లు దండిగా పెట్టుకోండి, చింతూరులో మా ఫోన్‌పే పని చేయలేదు. డిక్కీలో చీపుళ్లకి జాగా ఉంచుకోండి, మావి హైదరాబాద్ దాకా అత్తయ్య ఒళ్లోనే వచ్చాయి.