చల్లగా ఉంటే ఒక ఫోకస్, వేడెక్కితే ఇంకో ఫోకస్: ఇంట్లో కట్టిన నీలి లేజర్‌తో రెండేళ్లు

చెక్కను కాల్చి గీతలు గీసే యంత్రం ఇది. మొదటి గీత సన్నగా, నల్లగా, అంచులు చెక్కినట్టు వస్తుంది. పది నిమిషాల తర్వాత అదే కరెంటుతో, అదే వేగంతో, అదే చెక్క మీద గీస్తే గీత రెండింతల పైగా వెడల్పై గోధుమరంగుకు దిగిపోతుంది. నీలి వెలుగునిచ్చే 450 నానోమీటర్ల మల్టీమోడ్ లేజర్ డయోడ్, దాన్నీ లెన్స్‌నూ పట్టి ఉంచే 12 మి.మీ. లోహపు బాడీ (మాడ్యూల్), కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవర్, ఫ్యాన్ ఉన్న హీట్‌సింక్: ఈ కూర్పు కట్టినవాళ్లకు మిగతా వివరాలు చెప్పక్కర్లేదు. రెండేళ్లలో దీనిమీద ఉన్న కోపమంతా ఒక్క భాగం మీదే, మాడ్యూల్‌లో బిగించి వచ్చే ప్లాస్టిక్ లెన్స్ మీద.

మొదట్లో బాగా నచ్చింది ఫోకస్ రింగే. ఎం9 (9 మి.మీ.) మర, పిచ్ 0.5 మి.మీ., అంటే ఒక చుట్టుకు లెన్స్ అంత జరుగుతుంది, వేళ్లతోనే తిప్పుకోవచ్చు. ఆ మెప్పును ఇప్పుడు కొంచెం తగ్గించుకోవాల్సి వస్తోంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్ (సమాంతర కిరణాలు కలిసే దూరం) సుమారు 4 మి.మీ. 40 మి.మీ. దూరంలో చుక్క పడాలంటే, కిరణం సమాంతరంగా వచ్చే స్థానం నుంచి లెన్స్‌ను బయటికి జరపాల్సింది 0.44 మి.మీ. మాత్రమే, అంటే ఒక చుట్టు కూడా నిండదు. ఆ స్థానంలో లెన్స్ ఎంత కదిలితే చుక్క దానికి 80 రెట్లు జరుగుతుంది. మరలో 0.02 మి.మీ. వదులు ఉంటే చాలు, ఫోకస్ ఒకటిన్నర మిల్లీమీటర్లు గల్లంతు. లెన్స్ కింద స్ప్రింగ్ పెట్టి, మరకు తెల్ల టెఫ్లాన్ టేపు ఒకటిన్నర చుట్టు వేస్తే ఈ వదులు పోతుంది. టేపు అంచు లోపలికి వేలాడకుండా కత్తిరించాలి. సూపర్ గ్లూ మాత్రం వద్దు, దాని ఆవిరి లెన్స్ మీద తెల్లపొరలా పేరుకుంటుంది.

టేపు వేశాక కూడా గీత వెడల్పవుతూనే ఉంటే కారణం మర కాదు. మర వదులైతే హెడ్ (లేజర్‌ను మోస్తూ కదిలే భాగం) దిశ మారినప్పుడల్లా ఫోకస్ ఎగిరిపడుతుంది, ఒకసారి ఇటు, ఒకసారి అటు. వేడి వల్ల జరిగేది నెమ్మదిగా, ఎప్పుడూ ఒకే వైపుకు జరుగుతుంది. ఆపి చల్లారనిస్తే మళ్లీ మొదటి చోటికే వస్తుంది.

ఎటు జరుగుతోందో తేల్చుకోవడానికి వాలు పరీక్షే నమ్మదగ్గది. 100 మి.మీ. పొడవున్న చెక్కముక్కకు ఒక చివర కింద 10 మి.మీ. మందం పెట్టాలి. వాలు మధ్యభాగం ఫోకస్ దూరానికి వచ్చేలా హెడ్ ఎత్తు సరిచేసి, పైనుంచి కిందికి ఒకే వేగంతో ఒక గీత గీయాలి. గీత మీద 10 మి.మీ. నడిస్తే ఎత్తులో సుమారు 1 మి.మీ. తేడా. లేజర్ వెలిగించిన వెంటనే ఒక గీత, పని కరెంటులోనే పది నిమిషాలు మండని ఇటుక మీద వెలగనిచ్చాక పక్కనే ఇంకో గీత. రెండింటిలో సన్నటి చోట్లకు గుర్తు పెట్టి మధ్య దూరం కొలిస్తే ఫోకస్ ఎంత జారిందో తెలిసిపోతుంది. తక్కువ కరెంటులో చేసిన పరీక్షను నమ్మకండి, అప్పుడు బాడీ వేడెక్కదు. ఇది క్లాస్ 4, అంటే అత్యంత ప్రమాదకర వర్గపు లేజర్. గోడ మీద పడి చెదిరిన వెలుగు కూడా కంటికి ప్రమాదమే కాబట్టి 450 నానోమీటర్లకు ఓడీ రేటింగ్ (వెలుగును ఎంత ఆపుతాయో చెప్పే అంకె) రాసి ఉన్న కళ్లద్దాలు తప్పనిసరి. నారింజరంగు ప్లాస్టిక్ ముక్క ఆ పని చేయదు.

ఈ మాడ్యూల్‌లో చల్లగా 40 మి.మీ. దగ్గరున్న ఫోకస్, బాడీ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కాక దాదాపు 43కు పోయింది. అసలు ఆధారం ఆ దిశలోనే ఉంది. లోహపు బాడీ వ్యాకోచిస్తే డయోడ్‌కు, లెన్స్‌కు మధ్య దూరం పెరుగుతుంది, దానివల్ల ఫోకస్ దగ్గరకు రావాలి. అదీ మిల్లీమీటరులో మూడో వంతో నాలుగో వంతో మాత్రమే. ఇక్కడ ఫోకస్ దూరంగా జరిగింది, అదీ దాదాపు పదింతలు. ఆ ప్లాస్టిక్ లెన్స్ యాక్రిలిక్‌ది. యాక్రిలిక్ వేడెక్కితే వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) డిగ్రీకి దాదాపు 0.0001 చొప్పున పడిపోతుంది, ముక్క కూడా ఉబ్బుతుంది. రెండూ కలిసి ఫోకల్ లెంగ్త్‌ను పెంచేస్తాయి. 30 డిగ్రీల తేడాకు 4 మి.మీ. లెన్స్‌లో పెరిగేది 0.03 మి.మీ. మాత్రమే, కానీ చెక్క దగ్గర అది 3 మి.మీ. అవుతుంది. లెక్కా, కొలతా ఇంత దగ్గరగా కలవడం చూశాక ఇక అనుమానం లేదు.

గాజు లెన్స్ మార్చాక జారుడు వాలు పరీక్షలో కష్టపడి వెతికితే గానీ కనపడనంత తగ్గింది. ఈ మార్పు ఇచ్చినంత సంతోషం ఈ యంత్రంలో ఇంకేదీ ఇవ్వలేదు. అయితే జీ2 రకం ఒంటి గాజు లెన్స్ వెలుగును బాగా దాటనిస్తుంది గానీ చుక్కకు రెండు పక్కలా పలచటి రెక్కలు వదులుతుంది. ఫొటోలు చెక్కేటప్పుడు లేత నీడలు వాటివల్లే చెడతాయి. మూడు ముక్కల గాజు లెన్స్‌లో రెక్కలు తక్కువ, కానీ శక్తి కొంత పోతుంది. ఇంకో మాట, జీ2 డయోడ్‌కు బాగా దగ్గరగా కూర్చుంటుంది. రింగ్ తిప్పుతుంటే గట్టిగా తగిలితే అక్కడితో ఆపేయండి, ఇంకా తిప్పితే డయోడ్ మూత గాజు పగులుతుంది.

ఫోకస్ దొరకనప్పుడల్లా తప్పు లెన్స్‌దే అనుకోకూడదు. చుక్క చుట్టూ మసక వలయం ఉంటే అది పొగ మసి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన లెన్స్ కాగితంతో ఒక్కసారి ఒకే దిశలో లాగాలి, రుద్దకూడదు. యాక్రిలిక్‌కు అసిటోన్ తగలనివ్వద్దు. ఎంత తిప్పినా చుక్క ముద్దగానే ఉంటే లెన్స్ తీసి, అతి తక్కువ కరెంటులో, కళ్లద్దాలతోనే, తెల్ల కాగితం మీద పడే వెలుగును కెమెరాలో చూడాలి. బాగున్న డయోడ్ ఒకే తీరున నిండిన పొడుగాటి అండాకారం వేస్తుంది. మధ్యలో నల్ల చారలున్నా, ఎల్ఈడీలా అంతటా పలచగా పరుచుకున్నా డయోడ్ ముఖం (వెలుగు బయటికొచ్చే అంచు) దెబ్బతిన్నట్టే, ఇక రింగ్ తిప్పి లాభం లేదు. మెరిసే లోహం మీద నిటారుగా ఫోకస్ పెడితే వెనక్కి తిరిగొచ్చే వెలుగు డయోడ్‌ను ఇలా దెబ్బతీస్తుంది, అందుకే లోహాన్ని కాస్త వంచి పెట్టడం మేలు.

కాగితం, పలచని అట్ట కోసేవాళ్లకు, ఒక్కోసారి రెండు నిమిషాలకు మించి వెలిగించనివాళ్లకు ప్లాస్టిక్ లెన్స్ సరిపోతుంది, డబ్బు దండగ చేయనక్కర్లేదు. గంటల తరబడి చెక్కే పనైతే, హీట్‌సింక్ చిన్నదైతే గాజు మార్చుకోండి. అప్పటిదాకా పది నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆ వేడిలోనే రింగ్ సరిచేసుకుంటే పని నడుస్తుంది. విరామమిచ్చి మళ్లీ మొదలుపెడితే ఆ పది నిమిషాలు మళ్లీ ఇవ్వాలి.