పీహెచ్‌పీ ఇంప్లోడ్: అతికిస్తుంది, ఏరిపెట్టదు

పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో అరేని (విలువల జాబితాని) ఒకే స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) మార్చడానికి ఫోరీచ్ లూప్ తిప్పి, చివర మిగిలిన కామాని ఆర్‌ట్రిమ్‌తో కోసేసే కోడ్ ఇంకా చాలాచోట్ల కనబడుతుంది. అంత అక్కర్లేదు. ఇంప్లోడ్ అనే ఫంక్షన్‌కి ముందు సెపరేటర్ (విలువల మధ్య పెట్టే కామా లాంటి గుర్తు), తర్వాత అరే ఇస్తే ఒక్క లైన్‌లో తేలిపోతుంది. సెపరేటర్ ఎలిమెంట్ల మధ్యలోనే పడుతుంది, చివర వేలాడదు. ఖాళీ అరే ఇస్తే ఖాళీ స్ట్రింగే వస్తుంది, గొడవ లేదు. జాయిన్ అని రాసినా నడిచేది ఇదే ఫంక్షన్.

పాత ప్రాజెక్టుని పీహెచ్‌పీ 8కి మార్చేవాళ్లు ఆర్గ్యుమెంట్ల (ఫంక్షన్‌కి ఇచ్చే విలువల) వరస చూసుకోండి. ఒకప్పుడు అరే ముందు, సెపరేటర్ వెనక పెట్టినా ఊరుకునేది. 7.4లో ‘ఇది ఇక తీసేస్తాం’ అనే డెప్రికేటెడ్ నోటీసు మొదలైంది. 8.0లో నేరుగా టైప్‌ఎర్రరే.

అసలు చిక్కంతా లోపలి విలువలతో. నల్ (విలువే లేదన్న గుర్తు), ఫాల్స్ రెండూ ఖాళీ అయిపోతాయి, ట్రూ 1 అవుతుంది. అరేలో ఇంకో అరే ఉంటే దాని బదులు ఇంగ్లిష్‌లో ‘అరే’ అన్న మాటే అచ్చవుతుంది, తోడుగా ఒక వార్నింగ్. అడ్రస్ ఫారంలో వీధి పేరు నింపకపోతే ‘12-4, , గుంటూరు’ అని కామాలు పక్కపక్కనే పడతాయి. ముందు ఖాళీలను ఏరేసే అరే_ఫిల్టర్ వెయ్యమని అందరూ చెప్తారు గానీ, కాల్‌బ్యాక్ (ఏది ఉంచాలో తేల్చే ఫంక్షన్) ఇవ్వకుండా వేస్తే అది సున్నాని కూడా ఖాళీ కింద జమకట్టి తీసేస్తుంది. మార్కుల జాబితాలో ఒక సున్నా మాయమైతే వెంటనే పట్టుకునేదెవరు? స్ట్రింగ్ పొడవు చెప్పే స్టర్‌లెన్‌ని కాల్‌బ్యాక్‌గా ఇవ్వడం పాత చిట్కా. 8.1 నుంచి నల్ తగిలినప్పుడల్లా అదీ సణుగుతుంది. విలువ నల్ కాదు, ఖాళీ స్ట్రింగ్ కాదు అని రెండూ చూసే చిన్న యారో ఫంక్షన్ రాసుకోవడం మేలు.

డేటాబేస్‌ని అడిగే ఎస్‌క్యూఎల్‌లో ‘ఇన్’ బ్రాకెట్లో యూజర్ పంపిన ఐడీలను దీంతో అతికించారంటే ఇంజెక్షన్‌కి (బయటివాళ్లు తమ ఆదేశాలు చొప్పించడానికి) తలుపు తీసినట్టే. అరే_ఫిల్‌తో ఐడీలు ఎన్నో అన్ని ప్రశ్నార్థకాలు తయారుచేసి, ఇంప్లోడ్‌ని వాటికి మాత్రమే వాడండి. అసలు విలువలు క్వెరీని నడిపే ఎగ్జిక్యూట్‌లో విడిగా వెళ్లాలి. జాబితా ఖాళీగా ఉంటే బ్రాకెట్లు ఖాళీగా మిగిలి మైఎస్‌క్యూఎల్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది కాబట్టి, ముందే కౌంట్ చూడాలి. కామాలతో కాలమ్స్ విడదీసే సీఎస్‌వీ ఫైల్‌కీ ఇది పనికిరాదు. విలువలో కామా ఉందంటే కాలమ్స్ జరిగిపోతాయి, దానికి ఎఫ్‌పుట్‌సీఎస్‌వీ ఉంది. కీలు (అరేలో విలువల పేర్లు) కూడా కావాలంటే ఇంప్లోడ్ వాటి వైపే చూడదు. యూఆర్‌ఎల్ పారామీటర్లకైతే హెచ్‌టీటీపీ_బిల్డ్_క్వెరీ వాడండి, ఎన్‌కోడింగ్ కూడా అదే చూసుకుంటుంది.