విజిట్ వీసా మీద దుబాయ్ ఉద్యోగం: ఒక ఏజెంటు ఆఫీసు రివ్యూ

ఆఫీసు పేరు రాయడం లేదు. జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల్లో ఏ బస్టాండు ఎదుట నిలబడ్డా ఇలాంటి బోర్డు ఒకటి కనిపిస్తుంది. కింద మొబైల్ షాపు, పైన ఏసీ గది, గోడకు బుర్జ్ ఖలీఫా ఫొటో. మా బామ్మర్దికి వాళ్లు ఇచ్చిన ఆఫర్ ఏంటో చూద్దామని నేనూ వెంట వెళ్లాను. షార్జాలో, దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి వచ్చినవాణ్ని. ఇప్పుడు ఊళ్లో మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను.

ముందు మంచి చెప్తాను. మర్యాద బాగుంది. కూర్చోగానే టీ తెప్పించారు. ఫోన్ చేస్తే ఎత్తుతారు. టికెట్ రేట్లు ఉన్నదున్నట్టు చెప్పారు. అక్కడే నా ఫోన్‌లో చూసుకున్నాను, పెద్ద తేడా లేదు.

ఇక ఆఫర్. దుబాయ్‌లో బిల్డింగ్ మెయింటెనెన్స్ కంపెనీ, ఏసీ హెల్పర్ పని, నెలకు 1,800 దిర్హాములు. రూము కంపెనీది, తిండి మనది. వెళ్లేది మాత్రం 60 రోజుల విజిట్ వీసా మీద. "దిగినంక రెండు నెలల్ల వర్క్ పర్మిట్ కొట్టిస్తరు అన్నా, టెన్షన్ లేదు. అప్పటిదాక జీతం చేతికే ఇస్తరు." మొత్తం ఖర్చు 1,20,000 రూపాయలు. సగం ఇప్పుడు, సగం వీసా వచ్చాక. రసీదు ఇస్తారా అంటే, ఫోన్‌పే స్క్రీన్‌షాటే రసీదట. ఆ నంబరు కొట్టి చూస్తే ఆఫీసు పేరు రాలేదు, ఎవరో ఆడమనిషి పేరు వచ్చింది.

ఆఫర్ లెటర్ ఒక్క పేజీ. లోగో ఉంది, గుండ్రటి స్టాంపు ఉంది, మెయిల్ ఐడీ మాత్రం జీమెయిల్. బామ్మర్ది ఇంటిపేరు తప్పు పడిందని చూపించాను. "అయ్యో, ఇప్పుడే మార్పిస్తం" అని పక్క గదిలోకి వెళ్లి, టీ అయిపోయేలోగా కొత్త లెటర్ తెచ్చారు. దుబాయ్ కంపెనీ స్టాంపుతో సహా. ఇంత స్పీడు సర్వీసు నేనెక్కడా చూడలేదు.

అసలు ఆఫర్ లెటర్ అలా పక్క గదిలో పుట్టదు. అది యూఏఈ కార్మిక శాఖ సిస్టంలోంచి వస్తుంది. మోహ్రే అంటారు ఆ శాఖని. లెటర్ మీద నంబరు ఉంటుంది, దాన్ని వాళ్ల సైట్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. పనివాడికి అర్థమయ్యే భాషలో చూపించి సంతకం పెట్టించుకోవాలి. హిందీ, మలయాళం, తమిళంలో ఉంటుంది. తెలుగులో లేదు, ఇంతమందిమి వెళ్తున్నా. జీతం కూడా 2009లో పెట్టిన, జీతాలను అక్కడి ప్రభుత్వం గమనించే డబ్ల్యూపీఎస్ పద్ధతిలో, బ్యాంకు లాంటి దారిలోనే పడాలి. జీతం చేతికిస్తాం అన్నారంటే ఆ కంపెనీ లెక్కల్లో మనవాడు లేడన్నమాట.

లైసెన్సు అడిగాను. ఫ్రేము కట్టిన జీఎస్టీ సర్టిఫికెట్ చూపించారు. అది కాదన్నా, విదేశాలకు పనివాళ్లను పంపే లైసెన్సు, బి అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది కదా అంటే, ముంబైలో ఒక కంపెనీ పేరు చెప్పి "మేం వాళ్ల బ్రాంచే" అన్నారు. లైసెన్సున్న ఏజెంట్ల పేర్లుండే భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో వెతికితే ఆ కంపెనీ నిజంగానే ఉంది. మన ఊళ్లో బ్రాంచి మాత్రం లేదు. 1983 ఎమిగ్రేషన్ చట్టంలో ఇలా ఇంకొకరి లైసెన్సు చెప్పుకుని పనిచేసే సబ్ ఏజెంట్ అనేవాడికి చోటే లేదు. పైగా లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా తీసుకోగలిగే సర్వీసు చార్జి 30,000, దానిమీద జీఎస్టీ. అంటే 35,400. విజిట్ వీసాకు, టికెట్‌కు ఎంత గట్టిగా లెక్కేసినా నలభై వేలు దాటవు. మిగతా ఎనభై వేలు దేనికని అడిగితే "దుబాయ్‌ల మేనేజర్‌కు ఇచ్చుకోవాలె అన్నా" అన్నారు. అక్కడి చట్టం ప్రకారం పనివాణ్ని తెచ్చుకునే ఖర్చు కంపెనీదే. పనివాడి దగ్గర వసూలు చేయకూడదు.

ఇదంతా విజిట్ వీసా మీదే ఎందుకు అన్నదానికి జవాబు బామ్మర్ది పాస్‌పోర్టులోనే ఉంది. తొమ్మిదితో బడి మానేశాడు, కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్లే ముందు ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి అయినది. దానిమీద యూఏఈతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. దానికి నిజమైన కాంట్రాక్టు చూపించాలి, ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, కవర్ 10 లక్షలు. చుట్టపు చూపుగా వెళ్లేవాడికి ఇవేవీ అడగరు, ఇవేవీ దొరకవు కూడా. ఏసీ హెల్పర్ అంటే జూలై ఎండలో మేడమీద చిల్లర్లనే పెద్ద ఏసీ యంత్రాల దగ్గర పని. నిచ్చెన మీంచి పడితే "మా మనిషి కాదు" అని కంపెనీ ఒక్క మాటతో తప్పుకుంటుంది.

ఎయిర్‌పోర్టులో చెప్పాల్సిన మాటలు తెలుగులో రాసి ఇచ్చారు. "మేనమామ కొడుకు దగ్గరికి పోతున్న, 15 రోజుల్ల వస్త." రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ వాళ్లే ఇస్తారు, దిగాక రెండూ క్యాన్సిల్. తమతో చేసిన వాట్సాప్ చాట్ డిలీట్ చేసుకుని వెళ్లమన్నారు. బామ్మర్దికి మొదటిసారి కొంచెం అనుమానం తగిలింది ఇక్కడే. స్టాంపు దగ్గర తగలాల్సింది.

పర్మిట్ రాకపోతే ఏంటి సంగతి అని అడిగాను. "ఆడనే ఉండి చేసుకోవచ్చు, ఎంతమంది చేస్తలేరు? మళ్లా ఆమ్నెస్టీ వస్తది." కాగితం తీసి లెక్క వేసి చూపించాను. వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల ఫైన్. నెలకు 1,500. జీతం 1,800. తిండి మనదే. ఇక్కడ లక్షా ఇరవై వేలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,600 రూపాయలు. కల్లివల్లిగా, అంటే వీసా లేకుండా దొంగచాటుగా బతకడమంటే లెక్కలో ఇదీ. ఆమ్నెస్టీ, అంటే ఫైన్లు మాఫీ చేసే క్షమాభిక్షను నమ్ముకుందామా? కొవిడ్ మాఫీలు పక్కన పెడితే 2018లో వచ్చింది, మళ్లీ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఇచ్చారు. పైగా 2024లో చట్టం మార్చి, పర్మిట్ లేనివాణ్ని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా ఫైన్ పెట్టారు. ఒక హెల్పర్ కోసం ఆ రిస్క్ ఏ పద్ధతైన కంపెనీ తీసుకుంటుందో వాళ్లనే చెప్పమన్నాను. ఇంకో టీ తెప్పించారు.

విజిట్ మీద వెళ్లి కుదురుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు, నాకే తెలుసు. అక్కడే కంపెనీ వెతుక్కుని, దేశం దాటకుండానే వీసా మార్పించుకున్నారు. కానీ వాళ్ల చేతిలో పని ఉంది, దిగితే ఉండటానికి అన్నదమ్ముల రూము ఉంది, ఉద్యోగం దొరక్కపోతే గడువులోపే తిరిగి రావాలని తెలిసి వెళ్లారు. ఈ ఆఫీసు ఉద్యోగం ఉందని చెప్పి లక్షా ఇరవై వేలు అడుగుతోంది.

పాస్‌పోర్టు "ఫైల్ కోసం" ఉంచమన్నారు. జిరాక్స్ తీసుకోండి, అసలుది భారత ప్రభుత్వానిది అన్నాను. ఫైల్ చార్జీ 2,000 అన్నారు, ఇవ్వలేదు. కాసేపు మాటా మాటా అనుకున్నాక పాస్‌పోర్టు చేతికి వచ్చింది.

దారిలో బామ్మర్ది "బావా, నువ్వు పోయినప్పుడు ఇవన్నీ చూసినవా?" అని ముఖం మాడ్చుకున్నాడు. అప్పుడు ఫోన్‌లో చూసుకునే సైట్లు లేవురా అన్నాను. ఇప్పుడు హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉన్న టామ్‌కామ్‌లో, అంటే విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థలో, పేరు నమోదు చేసుకున్నాడు. అక్కడ నర్సులకు, డ్రైవర్లకు వచ్చినన్ని పిలుపులు ఏసీ హెల్పర్లకు రావు, అది కూడా చెప్పాలి. ఈలోగా నా దగ్గరే వైండింగ్ నేర్చుకుంటున్నాడు, ఇష్టం లేకుండానే.

ఆఫీసు నుంచి వాయిస్ మెసేజ్‌లు ఆగలేదు. రేటు 95,000కు దిగింది, "రెండే సీట్లు ఉన్నయ్" అంటున్నారు. టికెట్ బుకింగ్‌కు నాలుగు స్టార్లు ఇస్తాను. ఉద్యోగాల పనికి సున్నా ఇద్దామంటే ఈ రివ్యూ పేజీ ఒకటికంటే కిందికి దిగనివ్వడం లేదు.