గోడ క్యాలెండర్, నటరాజ్ పెన్సిల్: నాలుగేండ్లు వాడినంక

ముందే చెప్తున్న, ఇందులో కొనేదేం లేదు. క్యాలెండర్ మా వీధి చివరి ఎరువుల దుకాణపాయన ఏటా ఊరికే ఇస్తడు. పెన్సిల్ 5 రూపాయలు. నా లక్ష్యాల లెక్క దీని మీద రాసుడు 2022 జనవరిలో మొదలుపెట్టిన, ఇప్పుడు 2025 డిసెంబర్ పేజీ గోడ మీదున్నది. ఇంత చవక వస్తువుకు ఇంత పొడుగు సమీక్ష ఎందుకంటే, అంతకుముందు ఖరీదైనవి రెండు వాడి చెడిపోయిన.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. పొద్దంత తూకాలు, తేమ శాతాలు రాసుడే నా పని. సర్కారు కొనుగోలులో వడ్ల తేమ 17 శాతం దాటొద్దు. రైతు నాలుగు రోజులు రోడ్డు మీద ఆరబోసి, రాత్రిళ్లు కావలి పండుకున్న సంగతి మీటరుకు పట్టదు, అది అంకె ఒక్కటే చూపిస్తది. ఊరోళ్ల వడ్లకు ఇంత పక్కాగా లెక్క రాసేటోడిని, నా సొంత లెక్క మాత్రం ఏండ్లకేండ్లు గాలికొదిలేసిన.

మొదటిది 2020 డైరీ. తోలు అట్ట, 450 రూపాయలు. మొదటి పేజీలో 11 లక్ష్యాలు రాసిన. ఐదింటికి లేచుడు, ఇంగ్లీష్ నేర్చుకొనుడు, షుగర్ తగ్గించుడు, అప్పు తీర్చుడు, ఇంటికి సున్నం... మిగిలినవి ఇప్పుడు యాదికి కూడ లేవు. సంక్రాంతి దాటేసరికి డైరీ తెరిచేది బంద్ అయింది. లాక్‌డౌన్‌లో మా ఇంటామె ఆ ఖాళీ పేజీలల్ల కిరాణా చిట్టీలు రాసింది. అట్లన్న పైసలు గిట్టినయి.

రెండోది 2021లో ఫోన్‌లో ఎక్కించుకున్న యాప్. రోజూ నడిస్తే ఒక చుక్క వెలుగుతది, వరుస తెగకుండ చూసుకోవాలె. నిజం చెప్పాలె, మొదట్ల మస్తు నచ్చింది. 63 రోజులు వరుస పోయింది. తర్వాత దేవరకొండలో చిన్నాయిన బిడ్డ పెండ్లి, రెండు రోజులు నడవలేదు. తిరిగొచ్చి చూస్తే లెక్క సున్నా. 63 రోజులు నడిచిన మనిషి ఒక్క పెండ్లి భోజనం తింటే సున్నా అయితడా? కోపమొచ్చి తీసేసిన. నడక కూడ దానితోనే పోయింది, అది నా తప్పే.

ఇగ గోడ క్యాలెండర్ సంగతి. మన ఇండ్లల్ల అది ఎప్పటినుంచో లెక్కల పుస్తకమే. పాలు రాని రోజు సున్న, గ్యాస్ బండ ఎక్కిచ్చిన తేదీ, బియ్యం బస్తా ఇప్పిన రోజు, చిట్టీ కట్టేది ఎప్పుడు, అన్నీ మా ఇంటామె దాని మీదనే రాస్తది. అమావాస్య, రాహుకాలం చూసేటందుకు రోజుకు ఒక్కసారన్న అందరి కన్ను దాని మీద పడుతది. నేను కొత్తగా చేసిందల్లా ఆ గళ్లల్ల నా అంకెను కూడ దూర్చుడే.

ఏ అంకె రాయాలె అనేది సాగర్ నేర్పింది. వానకాలం మా దిక్కు పేపర్ తెరిస్తే ముందు చూసేది నాగార్జునసాగర్ మట్టం. 590 అడుగులకు ఇయ్యాల ఎంతున్నది, వచ్చే నీళ్లెన్ని, పోయే నీళ్లెన్ని. 312 టీఎంసీల డ్యాం సంగతి చాయ్ గిలాస ఖాళీ అయ్యేలోపు ఎరుకైతది. 510కి దగ్గర పడిందంటే కాల్వకు కష్టమేనని బడి మొఖం చూడని రైతు కూడ చెప్తడు. అంత పెద్ద డ్యాంకే రెండు మూడు అంకెలు సాలు గనుక, నేను కూడ 11 లక్ష్యాలు మూడుకు దించి, క్యాలెండర్ పైభాగాన రాసుకున్న: అప్పు, షుగర్, ఊరు.

అప్పు దగ్గర ఏడాది మోసపోయిన. అమ్మ ఆపరేషన్‌కు 2021లో 3 లక్షలు తెచ్చిన, నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకు 6 వేలు. 2022లో ప్రతి నెలా ఐదో తారీఖు లోపలనే మిత్తి కట్టి, గడిలో టిక్కు పెట్టిన. పన్నెండు నెలలకు పన్నెండు టిక్కులు. డిసెంబర్ ఆఖరుకు పేజీలు వెనకకు తిప్పుకుంట నాలో నేనే మురిసిపోతున్న. మా ఇంటామె చూసి, "ఇన్ని టిక్కులు పెట్టినవ్ గదయ్యా, అసలెంత తగ్గింది?" అన్నది.

అసలు 3 లక్షలకు 3 లక్షలు అట్లనే ఉన్నది. 72 వేలు పోయినయి, అప్పు అంగుళం కదల్లేదు. ఆ లెక్కన 50 నెలలు కడితే తెచ్చినంత మిత్తికే కట్టి, తెచ్చినంత మళ్లా బాకీ ఉంట. ఈ లెక్క నాకు రాదా? మిల్లులో రోజుకు వంద లెక్కలు చేస్త. కాని గడిలో టిక్కు కనిపిస్తుంటే ఆ లెక్క చెయ్యాలనే తోచలేదు. మిత్తి కట్టుడు నా చేతిలో పని, దానికి టిక్కు పెట్టుకున్న. అప్పు తగ్గుడు వేరే సంగతి, దాన్ని ఎక్కడా రాసుకోలేదు.

2023 జనవరి నుంచి టిక్కు తీసేసిన. నెలాఖరు గడిలో అసలు ఎంతున్నదో అంతే రాసుడు. ఆ అంకె కదలకపోతే మనిషికి నిద్ర పట్టదు. మొదటి నెలనే మా ఇంటామె పుస్తెలతాడు తప్ప ఉన్న బంగారమంత బ్యాంకులో పెట్టి లక్షన్నర తెచ్చినం, ఏడాదికి 9 శాతం. మన లెక్కలో నూటికి 75 పైసలు. ఆ లక్షన్నర పాత బాకీకి కొట్టినం. మిత్తి 6 వేల నుంచి రెండూ కలిపి 4,125కు దిగింది. మిగిలిన 1,875కు ఇంకో నాలుగు వేలు చేర్చి నెలనెలా రెండు రూపాయల బాకీలనే కట్టినం. సెప్టెంబర్ ఆఖరు గడిలో రెండు బాకీలు కలిపి 248 అని ఉన్నది.

వేలు కొట్టేసి 248 అనే రాస్త. చుట్టాలొస్తే గోడ మీద అప్పు చూసి అడుగుతరని భయం. ఒకసారి మా మేనత్త ఆ అంకెలు చూసి "పాలోడు గింత బిల్లు వేస్తుండా బిడ్డా" అన్నది. అవునత్తా అన్న.

ఆ ఏడు వానకాలం కృష్ణకు వరద రాలేదు, సాగర్ గేట్లు లేవలేదు. ఎడమ కాల్వకు లాల్ బహదూర్ కాల్వ అని పేరుగాని ఇక్కడ ఎవరు అట్ల పిలువరు, ఎడమ కాల్వనే అంటరు. దాని కింద యాసంగి నాట్లు లేక మిల్లుకు వడ్లు తగ్గినయి. సీజన్‌లో రాత్రి పని చేస్తే వచ్చే పైసలు రాలేదు. ఎనిమిది నెలలు గడుల్లో 248, 248, 248. యాప్ అయితే ఏం చేసేదో తెలియదు. క్యాలెండర్ ఏమీ అనలేదు, పాత అంకెను తుడవలేదు. 2024 ఆగస్టుల గేట్లు ఎత్తినంక మిల్లు మళ్ల నడిచింది, 248 కిందికి దిగుడు అంతకు రెండు నెలల ముందే మొదలైంది. ఈ నవంబర్‌లో రెండు రూపాయల మిత్తి బాకీ తీరి, ప్రామిసరీ నోటు చింపి ఇచ్చిండు అప్పిచ్చిన సేటు. ఇంక బ్యాంకుది 122 ఉన్నది, ఏడాదికోసారి తిరగరాస్తున్నం.

షుగర్ కథ కూడ అసొంటిదే, కాని నవ్వొచ్చేది. ఎన్నెస్పీ (నాగార్జునసాగర్ ప్రాజెక్టు) క్యాంపు గ్రౌండ్‌లో పొద్దుగాల నడిచి, గడిలో గీత పెట్టేటోడిని. మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) 2022 మొదట్ల 8.9 ఉండె. ఆరు నెలలు గీతలే గీతలు, పరీక్షలో 8.8. రక్తంలో ఎర్రకణాలు సుమారు 120 రోజులు బతుకుతయి, వాటికి అంటిన చక్కెరను చూస్తరు గనుక పరీక్షకు రెండు రోజుల ముందు నోరు కట్టుకుని మోసం చేసే వీల్లేదు. నడిచినంక దోస్తులతో హోటల్‌కు పోయి పూరీ తిని, తీపి చాయ్ తాగొచ్చుడు ఏ గడిలో రాసిన? వచ్చే నీళ్లు చూసుకున్న, పోయేటియి చూడలేదన్నట్టు. డాక్టరమ్మ రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె తినుమన్నది. మిర్యాలగూడలో ఉండుకుంట అన్నం మానుమంటే ఎట్లమ్మా అంటే, సగం మాను అన్నది. ఇప్పుడు నడకకు గీత పెడుతలేను. మూడు నెలలకోసారి పరీక్ష అంకె ఒక్కటే రాస్త: 8.1, 7.4, దసరా దావతులకు 7.6, మొన్న 7.0. నడక మాత్రం మానలేదు.

మూడోది ఊరు. ఇది చెప్పాల్నా వద్దా అనుకున్న. హాలియా అవతల మా ఊర్లె నాయిన ఒక్కడే ఉంటడు, అమ్మ పోయినంక మా దగ్గరికి రమ్మంటే రాడు. ఆదివారం ఆదివారం పోవాలని రాసుకుని, ఊరికి పోయిన ప్రతి ఆదివారానికి సున్న చుట్టిన. ఒక నెల నాలుగుకు నాలుగు సున్నలు. నాలుగో ఆదివారం పోయి, అర్ధగంట కూసొని, బస్సు టైమైతుందని లేచిన. నాయిన, "ఇంతసేపటికేనా వచ్చింది కొడుకా? క్యాలెండర్ల గీత పడితే సాలా?" అన్నడు. మా పిల్లగాడు తాతకు ఫోన్‌లో ముందే చెప్పిండట, నేను గిట్ల రాస్తున్ననని. నాకు మాట రాలేదు. ఆ రాత్రి రబ్బరు తీసుకుని ఆ వరుస మొత్తం చెరిపేసిన. ఇప్పుడు పోవుడు నెలకు మూడుసార్లే అయితుండొచ్చు, లెక్క లేదు. ఒకసారి పోతే రాత్రి పండుకుని వస్తున్న. పైన రాసిన మూడింట్ల ఇప్పుడు రెండే మిగిలినయి.

ఇగ వస్తువులో లోపాలు. నూనె పట్టిన చేత్తో తిప్పితే పేజీ మరక పడుతది, వంటింటి గోడకు వద్దు. నెల కాంగనే పేజీ చింపే అలవాటు ఉన్నోళ్లు మానాలె, వెనకకు మడవాలె. మా పిల్లగాడు 2023 మే పేజీ చింపి పుస్తకానికి అట్ట వేసుకున్నడు, ఆ నెల అంకె నోటి లెక్కనే. ఏటా పాత క్యాలెండర్ ఆఖరి పేజీ వెనక పన్నెండు అంకెలు ఒక వరుసలో ఎక్కిచ్చుకోవాలె, లేకపోతే రెండేండ్లు పోల్చి చూసే దారి లేదు. గుర్తు చేసే గంట లేదు. నాకు అది లోపం కాదుగాని కొందరికి కావచ్చు. పది లక్ష్యాలు ఉన్నోళ్లకు పనికిరాదు, గడిలో పట్టవు. ఆ ఇబ్బందే నాకు ఎక్కువ మేలు చేసింది.

అన్నిటికంటె పెద్ద తలనొప్పి కాగితం. మెరిసే నున్నటి కాగితం మీద పెన్సిల్ పడదు, పెన్ను పెడితే అలుక్కుపోతది. మొన్న బంగారం దుకాణంలో 2026 క్యాలెండర్ ఇచ్చిన్రు. లక్ష్మీదేవి సగం పేజీ, గళ్లు బొటనవేలి గోరంత, కాగితం అద్దంలెక్క. 122 రాసి చూసిన, నిలువలేదు. రేపు ఎరువుల దుకాణానికి పోవాలె. పోయినేడు జనవరి పదిలోపే అయిపోయినయన్నడు ఆయన.