రివాల్వర్ ట్రిగర్ తేలికపడాలంటే మెయిన్‌స్ప్రింగా, రీబౌండ్ స్ప్రింగా: ఏది మేలు?

ట్రిగర్ బరువుగా ఉందనగానే అందరూ ముందు మెయిన్‌స్ప్రింగ్ మీద పడతారు. నేనూ అదే చేశాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం ముందు రీబౌండ్ స్ప్రింగ్ మార్చి చూడండి, మెయిన్‌స్ప్రింగ్ జోలికి చివర్లో వెళ్ళండి అంటాను.

స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలో కె, ఎల్, ఎన్ ఫ్రేములే (ఇవి సైజుల పేర్లు) తీసుకోండి. డబుల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్‌ని (తూటాని కొట్టే సుత్తిలాంటి భాగం) వెనక్కి లేపడం, వదలడం రెండూ ట్రిగరే చేసేలా లాగేటప్పుడు మన వేలు ఒకేసారి రెండు స్ప్రింగుల్ని నెట్టాలి. ఒకటి పిడి లోపలుండే పట్టీలాంటి మెయిన్‌స్ప్రింగ్, హ్యామర్ దెబ్బకి బలం దానిదే. రెండోది రీబౌండ్ స్ప్రింగ్, ట్రిగర్ వెనక జారే రీబౌండ్ స్లైడ్ అనే ముక్కలో దూరి ఉండే చిన్న చుట్ట స్ప్రింగ్, లాగి వదిలిన ట్రిగర్‌ని మళ్ళీ ముందుకు తోసేది అదే.

మెయిన్‌స్ప్రింగ్ తేలిక చేస్తే డబుల్ యాక్షన్‌లో తేడా వెంటనే తెలుస్తుంది, ఆ హాయికే మనం పడిపోతాం. కానీ ప్రైమర్ (తూటా అడుగున మందుకి నిప్పంటించే చిన్న మూత) పేలాల్సింది కూడా ఆ దెబ్బతోనే కదా. నేను మార్చిన రోజు సిలిండర్‌లో ఆరు వేస్తే నాలుగే పేలాయి. మిగిలిన రెండు తూటాలు తీసి చూస్తే ప్రైమర్ మీద గోటితో నొక్కినంత గుంట మాత్రమే ఉంది, పేలినవాటి మీద గుంట బాగా లోతుగా ఉంది. అవే రెండూ రెండో దెబ్బకి పేలాయి, అంటే లోపం తూటాలో లేదు. ఫెడరల్ ప్రైమర్లు కాస్త మెత్తన కాబట్టి తేలిక స్ప్రింగుతో నెట్టుకొస్తాయి, సీసీఐ లాంటి గట్టివి వాడేవాళ్ళకి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. కొత్త స్ప్రింగ్ కొనకుండా పిడి ముందువైపున్న స్ట్రెయిన్ స్క్రూని వదులు చేసేవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, కాల్పుల అదురుకి అది ఇంకా వదులవుతూ పోతుంది.

రీబౌండ్ స్ప్రింగ్ విషయం వేరు. కంపెనీ నుంచి వచ్చేది సుమారు 18 పౌండ్లది, బయట 16, 15, 14, 13 దొరుకుతాయి (ఇది స్ప్రింగ్ బలం, ట్రిగర్ బరువు కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు). మార్చితే డబుల్ యాక్షన్, సింగిల్ యాక్షన్ (హ్యామర్‌ని ముందే చేత్తో లేపి కాల్చడం) రెండూ తేలికపడతాయి, హ్యామర్ దెబ్బ మాత్రం ఉన్నంత బలంగానే ఉంటుంది. దీనికీ హద్దుంది. మరీ తేలిక చేస్తే ట్రిగర్ బద్ధకంగా ముందుకొస్తుంది, వేగంగా కాల్చేటప్పుడు అది పూర్తిగా రాకముందే మళ్ళీ లాగేస్తాం, అక్కడ ఆగిపోతుంది. పైగా హ్యామర్‌ని ప్రైమర్‌కి దూరంగా నిలిపేది కూడా ఈ రీబౌండ్ స్లైడే, కాబట్టి అది పూర్తిగా ముందుకు రావడం భద్రతకి సంబంధించిన విషయం. నేనైతే 15 దగ్గర ఆగుతాను. ఖాళీ రివాల్వర్‌తో ట్రిగర్ చివరిదాకా లాగి వేలు చాలా మెల్లగా వదలండి. ట్రిగర్ వేలిని అంటుకునే రావాలి, మధ్యలో ఎక్కడా తడబడకూడదు.

రూగర్ జీపీ100లో మెయిన్‌స్ప్రింగ్ కూడా చుట్ట స్ప్రింగే, కంపెనీది 14 పౌండ్లు. 12కి దిగితే పెద్దగా భయం లేదు, 9 అంటే తూటాలు ఏరుకుని వాడుకోవాల్సిందే.

రెండు స్ప్రింగులూ కలిపి కిట్‌గా వస్తాయి, ఒకేసారి వేసేయాలనిపిస్తుంది. అలా వేస్తే ఏదైనా తేడా వచ్చినప్పుడు కారణం ఏ స్ప్రింగో తెలీదు. ఒకటి మార్చి, కాల్చి చూసి, అప్పుడు రెండోది. ఇక లాగేటప్పుడు గరగరమంటుంటే అది స్ప్రింగ్ పని కాదు, లోపల పాత ఆయిల్ గడ్డకట్టి ఉండొచ్చు, శుభ్రం చేసి కొన్నాళ్ళు డ్రై ఫైర్ (తూటాల్లేకుండా ట్రిగర్ లాగడం) చేస్తే చాలావరకు పోతుంది.

విప్పేముందు తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టండి. రీబౌండ్ స్ప్రింగ్ బయటికి తీసేటప్పుడు మీద గుడ్డ కప్పండి, లేదంటే ఎగిరి ఏ మూలన పడుతుందో వెతుక్కోవాలి, కంటికి తగిలితే ఇంకా ప్రమాదం. పాత స్ప్రింగులు పారేయకండి. ఆత్మరక్షణకి ఉంచుకున్న రివాల్వర్ అయితే మెయిన్‌స్ప్రింగ్ అసలు ముట్టుకోవద్దు. టార్గెట్‌కి వాడేదైతే మార్చుకోండి, కానీ మీరు రోజూ వాడే తూటాలే కనీసం వంద, అన్నీ డబుల్ యాక్షన్‌లోనే కాల్చి చూడండి. ఒక్కటి పేలకపోయినా పాత స్ప్రింగ్ తిరిగి వేసేయండి.