రామమూర్తినగర్ మిద్దె మీద మా డిష్: పన్నెండేళ్ల వాడకం తర్వాత

ఈ డిష్ 2013 ఏప్రిల్‌లో పెట్టించుకున్నాం. ఆ ఏడాది మార్చి 31తో బెంగళూరులో పాత కేబుల్ ఆగిపోతుంది, బాక్స్ లేకపోతే టీవీ రాదు అన్నారు. మా వీధి కేబుల్ అతన్ని అడిగితే, బాక్స్ ఇస్తాను గానీ తెలుగువి రెండు మూడే వస్తాయి అక్కా అన్నాడు. మదనపల్లె నుంచి అత్తమ్మ అప్పుడే మా దగ్గరికి వచ్చేశారు, ఆవిడకు తెలుగు చానళ్లు లేకపోతే పొద్దు పోదు, అందుకని డీటీహెచ్‌కే వెళ్లాం. కంపెనీ పేరు రాయడం లేదు. మా కింది ఇంటివాళ్లది వేరే కంపెనీ, వాళ్ల కష్టమూ ఇదే కాబట్టి ఒకరి పేరు చెప్పి లాభం లేదు.

మంచి ముందు చెప్పాలి. బొమ్మ ఎప్పుడూ శుభ్రంగా వచ్చింది. పన్నెండేళ్లలో బాక్స్ ఒక్కసారే మార్చాం, రిమోట్ రెండుసార్లు. డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ ఒకసారి పాడైంది, మనిషి వచ్చి గంటలో మార్చి వెళ్లాడు. గట్టి వాన పడితే మాత్రం సిగ్నల్ పోతుంది, బెంగళూరులో వానలు ఎక్కువగా సాయంత్రాలే కాబట్టి సీరియల్ టైముకే పోతుంది. అది ఏ కంపెనీ డిష్‌కైనా తప్పదు, పైనుంచి వచ్చే తరంగాలు వాన నీళ్లలో బలం తగ్గిపోతాయి, దానికి నేను ఎవర్నీ తప్పు పట్టను. చినుకు తగ్గగానే మళ్లీ వస్తుంది.

నా బాధంతా డబ్బుల గురించే. ఇంటి ఖర్చులు నేను నోటుబుక్కులో రాస్తాను, పాతవి కూడా పారేయలేదు, అందుకే లెక్క చెప్పగలుగుతున్నాను. మొదట్లో నెలకు 220 కట్టాం. 2018కి 280. 2019లో ఒక మార్పు వచ్చి 310. 2023లో 345. మొన్న ఏప్రిల్‌లో 418. ఏ ఒక్కసారీ గుండె ఆగేంత పెరగలేదు, ఇరవై, ముప్పై, ఇంకో ఇరవై అలా పెరిగింది, చివర్లో మాత్రం కాస్త ఎక్కువ. ఒకేసారి రెట్టింపు చేసి ఉంటే ఆ రోజే తీయించేసేవాళ్లం. మెల్లగా పెరిగింది కాబట్టి మెల్లగా కట్టేశాం. ఇంట్లో మేము చూసే చానళ్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అవే అయిదారు.

2019 మార్పు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మనలాంటి తెలుగువాళ్లకు తగిలిన అసలు దెబ్బ అక్కడుంది. ఆ ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్, అంటే టీవీ, ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే సంస్థ, కొత్త పద్ధతి పెట్టింది. వంద చానళ్ల దాకా నెట్‌వర్క్ ఫీజు, అంటే సిగ్నల్ ఇంటికి చేర్చినందుకు కంపెనీకి కట్టేది, 130 రూపాయలు, పైన 18 శాతం జీఎస్‌టీ, మొత్తం 153 రూపాయల 40 పైసలు. దానిలో ఫ్రీ చానళ్లు తీసుకోవచ్చు. డబ్బులు కట్టే చానల్ ఏదైనా విడిగా, దాని ధరకు, మనకు కావలసినవి మాత్రమే తీసుకోవచ్చు. ఆ రోజు ధరలు నోటుబుక్కులో ఉన్నాయి: స్టార్ మా 19, జీ తెలుగు 19, జెమినీ 19, ఈటీవీ 17. నాలుగూ కలిపి 74, జీఎస్‌టీతో 87 రూపాయల 32 పైసలు. అంటే మా అత్తమ్మకు కావలసినవన్నీ 241 రూపాయల లోపే వచ్చేవి. ఆ పద్ధతి నిజంగా మంచిదే, ఈ మాట ఇప్పటికీ అంటాను.

కానీ ఎంచుకోవడం చాలామందికి చేతకాలేదు, మాకూ కాలేదు. ఎంచుకోనివాళ్లకు వాళ్లు చూసే చానళ్లను బట్టి, మాట్లాడే భాషను బట్టి సరిపోయే ప్లాన్ వేయమని, మార్చి 31 దాకా గడువు ఇచ్చి ట్రాయ్ కంపెనీలకు చెప్పింది. దాన్ని బెస్ట్ ఫిట్ ప్లాన్ అన్నారు. మా అడ్రస్ బెంగళూరు కదా, మాకు కన్నడ ప్యాక్ వేసేశారు. ఆరేళ్లుగా ఈ బాక్సులో తెలుగు చానళ్లు తప్ప వేరేవి పెద్దగా పెట్టింది లేదు, ఆ సంగతి ఎవరూ చూడలేదు. అత్తమ్మ ఒక రాత్రి సీరియల్ రావట్లేదని నన్ను పిలిస్తే తెలిసింది. ఫోన్ చేస్తే కన్నడ ప్యాక్ అలాగే ఉంచి దాని మీద తెలుగు ప్యాక్ కలిపారు. అదే 310. ఇక్కడి భాష మీద నాకు గౌరవమే, మా పిల్లలు బడిలో కన్నడ చదువుతున్నారు, నేనూ కూరగాయల అంగడిలో కన్నడమే మాట్లాడతాను. కానీ ఇంట్లో ఎవరూ చూడని ఇరవై చానళ్లకు నాలుగేళ్లు డబ్బు కట్టాం. హైదరాబాద్‌లో ఉండే మా ఆడపడుచు అదే కంపెనీకి మాకంటే డెబ్బై రూపాయలు తక్కువ కడుతుంటే అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి.

విడిగా తీసుకోవచ్చని రూల్ ఉంది గానీ ఆ దారి కనిపించనివ్వరు. యాప్ తెరిస్తే ముందు ప్యాకులే. కిందికి, ఇంకా కిందికి వెళ్తే ఎక్కడో సొంతంగా ఎంచుకోండి అని చిన్న అక్షరాలు. కస్టమర్ కేర్‌లో, మేడమ్ ఇంకో ముప్పై రూపాయలు వేస్తే నలభై చానళ్లు ఎక్కువ వస్తాయి అంటారు. చానల్ ఓనర్లే అలా చేస్తారు, ఒక్క చానల్ విడిగా 19, అదే చానల్‌తో పాటు ఇంకో ఏడెనిమిది కలిపిన గుత్తి దానికి కొద్దిగా ఎక్కువ. విడిగా తీసుకునేవాడు అమాయకుడిలా కనిపించాలని ఈ లెక్క. గుత్తి మీద తగ్గింపు 45 శాతం మించకూడదని 2022 నవంబరులో ట్రాయ్ పెట్టింది. గుత్తిలో చేర్చే చానల్ ధర 12 దాటకూడదని 2020లో పెట్టిన పరిమితి కోర్టుల్లో నలిగి నలిగి, అదే 2022 మార్పుతో మళ్లీ 19కి వెళ్లింది. అది అమల్లోకి వచ్చింది 2023 ఫిబ్రవరి 1న, మా రీచార్జ్ 345 అయింది కూడా ఆ తర్వాతే.

ఇంకోటి, 2024 జులైలో నెట్‌వర్క్ ఫీజు మీద ఉన్న 130, 160 రూపాయల పరిమితి కూడా ఎత్తేశారు. 160 అంటే రెండు వందల చానళ్లు దాటినవాళ్లకు. ఇప్పుడు కంపెనీ ఇష్టం, ఊరికొక ధర పెట్టుకోవచ్చు. పోటీ ఉంటే ధర తగ్గుతుందని అనుకుని ఉంటారు. ఒక్కటి మర్చిపోయారు: ఒక కంపెనీ బాక్స్ ఇంకో కంపెనీకి పనికిరాదు. ఫోన్ నంబరైతే ఉంచుకుని సిమ్ మార్చేస్తాం, ఇక్కడ బాక్స్, డిష్ మళ్లీ కొనాలి, ఇంటి ఓనర్‌ను బతిమాలి మిద్దె మీద మళ్లీ బిగించుకోవాలి. ఏ కంపెనీకైనా పనికొచ్చే బాక్సులు ఉండాలని 2020లో ట్రాయే సిఫారసు చేసింది, మా ఇంటికైతే అలాంటి బాక్స్ ఇంకా రాలేదు. అది రానంత వరకు ధరల మీద కంపెనీకి స్వేచ్ఛ ఇవ్వడం నా దృష్టిలో తప్పు.

కంపెనీవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. చానల్ ధర చానల్ వాళ్లదే, క్రికెట్ హక్కులకు వాళ్లు పోసే వేల కోట్లు ఎవరో ఒకరి దగ్గర రాబట్టుకోవాలి. జీఎస్‌టీ 18 శాతం మన నుంచే పోతుంది, డీటీహెచ్ కంపెనీ లైసెన్స్ ఫీజు కట్టాలి, కేబుల్ వాళ్లకు అది లేదు. పైగా డీటీహెచ్ వదిలేసేవాళ్లు ఎక్కువయ్యారు, 2020 చివర దేశం మొత్తం మీద ఏడు కోట్ల పైన ఉన్న కనెక్షన్లు 2024 మార్చికి ఆరు కోట్ల చిల్లరకు వచ్చాయి. ఉన్నవాళ్ల మీద బరువు పడుతోందని అర్థమవుతోంది. అయినా పన్నెండేళ్లు ఒక్క నెల ఎగ్గొట్టకుండా కట్టినవాళ్లకు ఇచ్చే మర్యాద ఇదేనా అని బాధేస్తుంది. కొత్తగా చేరేవాళ్లకు నెల ఫ్రీ, పాతవాళ్లకు పెంపు.

నాకు కోపం తెప్పించిన అసలు విషయం ఈ ఏప్రిల్‌ది. ఆరు నెలలకు ఒకేసారి కట్టాను, తగ్గింపు ఇస్తామంటే. రెండో నెలలో ఒక మెసేజ్, మీ ప్యాక్‌ను ఇంకా మెరుగైన ప్యాక్‌గా మార్చాం అని. నన్ను అడగలేదు. అందులో రెండు హెచ్‌డీ చానళ్లు కలిపారు, మా టీవీ పాతది, హెచ్‌డీ కాదు. వీటిలో బ్యాలెన్స్ రోజూ కొంచెం కొంచెం తరుగుతుంది కదా, రోజు ఖర్చు పెరిగేసరికి అక్టోబరు 10 దాకా రావలసింది సెప్టెంబరు 21కే అయిపోతుందని చూపించింది. మూడు వారాలకు దగ్గర. మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి లైన్ కట్టయింది, రెండోసారి చానల్ వాళ్లు పెంచారు మేడమ్ అన్నారు, మూడోసారి మా ఆయన మాట్లాడితే తీసేస్తాం సార్ అన్నారు. తీసేశారు, కానీ ఆ మధ్యలో తరిగిన డబ్బు తిరిగి వేయలేదు. మీరూ రీచార్జ్ చేసిన రోజే చివరి తేదీ రాసి పెట్టుకుని నెలకోసారి సరిచూసుకోండి, రాసుకున్న దానికంటే తొందరగా అయిపోతుందని చూపిస్తే ఏదో కలిపారని అర్థం.

మరి ఎందుకు వదిలేయలేదు అని మా తమ్ముడు అడుగుతాడు. వాడింట్లో డిష్ లేదు, ఫైబర్ పెట్టించుకుని అన్నీ యాప్‌లలో చూస్తారు. నేను లెక్క వేశాను. స్టార్ మా సీరియల్‌కు జియోహాట్‌స్టార్, జీ తెలుగుకు జీ5, జెమినీకి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. నాలుగు యాప్‌లు, నాలుగు చందాలు, దాని పైన నెట్ బిల్లు. అవన్నీ అత్తమ్మకు రిమోట్‌లో ఎలా నేర్పను? ఆవిడకు నంబర్లు కంఠతా వచ్చు, కళ్లు సరిగ్గా కనపడకపోయినా వేలితో నొక్కి పెట్టుకుంటారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇల్లు కదలడం లేదు, పగలంతా మేమిద్దరం పనికి పోతాం, ఆ గొంతులే ఆవిడకు తోడు. డీడీ ఫ్రీ డిష్ మా పుట్టింట్లో ఉంది, ఒకసారి కొనుక్కుంటే నెలనెలా పైసా కట్టక్కర్లేదు, డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి, వార్తలకూ పాత పాటలకూ బాగుంటుంది. కానీ స్టార్ మా, జీ తెలుగు, జెమినీ అందులో లేవు. ఊళ్లో అమ్మకు అది చాలు, అత్తమ్మకు చాలదు.

పిల్లల గదిలో రెండో టీవీ కనెక్షన్ మాత్రం జూన్‌లో తీయించేశాం. పిల్లలు దాన్ని చూడటం మానేసి ఏడాది దాటింది, ఊరికే కడుతున్నాం. దాంతోనే నెలకు 140 మిగిలింది.

మెయిన్ బాక్సుకు ఇప్పుడు ప్యాకులన్నీ తీసేయించి నాలుగు తెలుగు చానళ్లు, చిన్నోడికి ఒక కార్టూన్ చానల్ విడిగా పెట్టించుకున్నాను. 418 నుంచి 285కి వచ్చింది. యాప్‌లో కుదరలేదు, ఫోన్‌లోనే చెప్పాను. ప్యాక్ వద్దు, విడి చానళ్లే కావాలి, నంబర్లు చెప్తాను రాసుకోండి అని మొదటి వాక్యంలోనే అనాలి. వాళ్లు ఆఫర్ చదవడం మొదలుపెడితే వినకుండా నంబర్లు చెప్తూనే ఉండాలి. అయ్యాక చివరి తేదీ ఎంత అని అడిగి, మెసేజ్ వచ్చేదాకా ఫోన్ పెట్టొద్దు. కింది ఇంటి అత్తకూ ఇలాగే చేయించాను, ఆవిడ తమిళం చానళ్లు చూస్తారు, ఆవిడకూ కన్నడ ప్యాకే ఉండింది.

బొమ్మకూ రిపేరుకూ అయిదుకు నాలుగు ఇస్తాను. ధరకూ నిజాయితీకీ ఒకటిన్నర. ఏప్రిల్ రీచార్జ్‌లో పోయిన రోజుల డబ్బు కోసం ఆ మెసేజ్, మూడు కాల్స్ తేదీలు కలిపి, ఫిర్యాదులు చూడటానికి కర్ణాటకకు వాళ్లు పెట్టిన నోడల్ అధికారికి మెయిల్ పెట్టాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, జవాబు ఇంకా రాలేదు.