చలి అలారం మోగింది, ఎవరూ రాలేదు: పదిహేడు శీతాకాలాలు వాడాక మా ఇంటి హీటింగ్

మా పడకగది గోడకి ఓ చిన్న తెల్ల పెట్టె ఉంది. ఇల్లు మరీ చల్లబడిపోతే కూత పెడుతుంది. 2008 అక్టోబరులో స్కాట్లండ్ ప్రభుత్వ పథకం కింద మా ఇంట్లో సెంట్రల్ హీటింగ్ పెట్టినప్పుడు పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారంతో పాటు దాన్నీ బిగించి వెళ్ళారు. బాయిలర్ ఏ రకం, రేడియేటర్లు ఎన్ని అన్నవి రాయను. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉన్నవే మాకూ ఉన్నాయి. పదిహేడు శీతాకాలాల తర్వాత నాకు గట్టిగా చెప్పాలనిపిస్తున్నది ఆ పెట్టె గురించీ, అది మోగినప్పుడు జరిగినదాని గురించీ.

ముందు ఆ హీటింగ్ మాకెందుకు అంత అవసరమయిందో చెప్పాలి. మాది గ్లాస్గో దగ్గర్లో ఒక చిన్న ఊరు, వందేళ్ళు దాటిన రాతి గోడల ఇల్లు. అప్పటిదాకా హాల్లో ఒక గ్యాస్ ఫైరు, పడకగదిలో ఓ కరెంటు హీటరు, అంతే. మా ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు. 2007 చలికాలంలో జలుబు ఛాతీలోకి దిగి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఛాతీ తేలికపడింది గానీ వారానికల్లా విరేచనాలు పట్టుకున్నాయి. నేను ముప్పై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేసినదాన్ని. గదిలో అడుగుపెట్టగానే ఆ వాసన బట్టే నాకు అర్థమయింది, పరీక్ష ఫలితం రాకముందే. క్లాస్ట్రిడియం డిఫిసిలే. వార్డుల్లో మేం సి డిఫ్ అంటాం.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. యాంటీబయాటిక్స్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల్ని కూడా చంపేస్తాయి. ఆ ఖాళీలో ఈ క్రిమి పెరిగి విషం కక్కుతుంది. ముసలివాళ్ళని తేలిగ్గా పడగొడుతుంది. దీని బీజాలు మంచం ఊచల మీదా, తలుపు పిడుల మీదా నెలల తరబడి బతుకుతాయి. చేతులకి రాసుకునే ఆల్కహాల్ జెల్‌కి చావవు. సబ్బూ నీళ్ళతో కడుక్కోవాలి, క్లోరిన్‌తో గది తుడవాలి, రోగిని విడి గదిలో ఉంచాలి. ఇదంతా అప్పటికే తెలిసిన విద్యే.

మా ఆయన బతికి బయటపడ్డారు. పదకొండు కిలోలు తగ్గి ఇంటికొచ్చారు. చలి ఇల్లు, ఛాతీ జబ్బు, ఆస్పత్రి, యాంటీబయాటిక్, సి డిఫ్. నా కళ్ళకి ఇదొకటే గొలుసు. దాని మొదటి లంకె మా ఇంట్లోనే ఉంది. అందుకే హీటింగ్ పథకానికి దరఖాస్తు పెట్టాను. అరవై దాటి, ఇంట్లో సెంట్రల్ హీటింగ్ లేనివాళ్ళకి ఉచితం.

దరఖాస్తు నడుస్తుండగానే 2008 వేసవిలో వేల్ ఆఫ్ లెవెన్ ఆస్పత్రి సంగతి బయటికొచ్చింది. లోమండ్ సరస్సు నుంచి క్లైడ్ నదిలోకి పారే లెవెన్ నది పక్కన, ఇక్కడి అలెగ్జాండ్రియా అనే ఊళ్ళో ఉంది ఆ ఆస్పత్రి. నేనక్కడ పనిచెయ్యలేదు, మా ఆయన్ని చేర్చిందీ అక్కడ కాదు. కానీ ఆ వార్తలు చదువుతుంటే మా ఆయన మంచం పక్కన మళ్ళీ కూర్చున్నట్టే ఉండేది. 2007 జనవరి నుంచి 2008 డిసెంబరు దాకా అక్కడ 143 మందికి సి డిఫ్ తేలింది. వాళ్ళలో 34 మంది చావుకి అది కారణమో, కారణాల్లో ఒకటో అయిందని తర్వాత విచారణలో తేల్చారు. అప్పట్లో ఆరోగ్య మంత్రి నికోలా స్టర్జన్. ఆవిడ శాఖ కిందే ఇళ్ళూ, ఇళ్ళ వెచ్చదనమూ కూడా ఉండేవి. అంటే మా బాయిలర్ దరఖాస్తుకీ, ఆ వార్డులకీ పైన ఒకే కుర్చీ.

ఇక హీటింగ్. పెట్టిన కొత్తలో నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. నవంబరులో పొద్దున్నే లేచి చెప్పుల్లేకుండా వంటింట్లోకి నడిచి వెళ్ళాను. ఈ దేశం వచ్చాక అదే మొదటిసారి. అటక మీద ఇన్సులేషన్ వేశారు, కిటికీ సందులు మూశారు. ఆ తర్వాత వచ్చిన ఉగాదికి మన తెలుగువాళ్ళం కలిసినప్పుడు కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాను, ఇలా ఉందమ్మా, మీ అమ్మానాన్నలకి వయసొస్తే అడగండి, పైసా తీసుకోరు అని. రెండు శీతాకాలాలు మా ఆయన ఆస్పత్రి గడప తొక్కలేదు. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

2010 డిసెంబరు. అంతకు ముందు వందేళ్ళలో బ్రిటన్ అంత చలి డిసెంబరు చూడలేదని తర్వాత వాతావరణ శాఖ చెప్పింది. ఒక తెల్లవారుజామున బాయిలర్‌లోంచి గుడగుడమని చప్పుడు వినిపించింది, గొంతులో నీళ్ళు పుక్కిలించినట్టు. ఆ తర్వాత ఆగిపోయింది. ఎర్ర దీపం. మీట నొక్కితే ఒక నిమిషం వెలిగి మళ్ళీ గుడగుడ, మళ్ళీ ఎర్ర దీపం. మధ్యాహ్నానికి రేడియేటర్లు రాళ్ళయిపోయాయి. చీకటి పడ్డాక గోడ మీద పెట్టె మోగడం మొదలెట్టింది.

పెట్టిన కంపెనీకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించి, గ్యారంటీ రెండేళ్ళే, రెండు నెలల కిందటే అయిపోయింది, పథకం ఆఫీసుకి చెయ్యండి అన్నారు. ఆ ఆఫీసు వాళ్ళు, మేం దరఖాస్తులే చూస్తాం, రిపేర్లు బాయిలర్ తయారుచేసినవాళ్ళవి అన్నారు. తయారుచేసినవాళ్ళు, లోపం బాయిలర్‌ది కాదు, బయట వేసిన పైపుది అయ్యుంటుంది, అది పెట్టినవాళ్ళ పని అన్నారు. ఎవరూ కసురుకోలేదు. ప్రతివాళ్ళూ మర్యాదగానే మాట్లాడారు. నాలుగు రోజులు తిరిగాను ఆ మూడు నంబర్ల మధ్య. ఇంట్లో డెబ్బై దగ్గరపడుతున్న మనిషి, ఊపిరితిత్తులు సగమే పనిచేస్తాయి, మూడేళ్ళ కింద ఆస్పత్రిలో సి డిఫ్ వచ్చి బతికాడు అని ముగ్గురికీ చెప్పాను. ముగ్గురూ రాసుకున్నారు.

పడకగదిలో థర్మామీటరు తొమ్మిది డిగ్రీలు చూపించింది. రెండు కోట్లు, మంకీ క్యాపు, మీద మూడు దుప్పట్లు కప్పి, వేణ్ణీళ్ళ రబ్బరు సంచి ఛాతీకి ఆనించి మా ఆయన్ని కూర్చోబెట్టాను. రాత్రంతా ఆయన దగ్గు వింటూ, కఫం రంగు మారుతోందా అని రుమాలు చూస్తూ గడిపాను. పచ్చగా మారితే ఆస్పత్రే. ఆస్పత్రి అంటే మళ్ళీ యాంటీబయాటిక్సే. ఆ పెట్టె మాత్రం ఆగకుండా కూస్తూనే ఉంది. ఇల్లు చల్లబడిందని దానికి తెలుసు, నాకు తెలుసు. మూడో రాత్రి ఆయన నిద్రపోలేకపోతుంటే కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ పీకేశాను.

ఐదో రోజు పొద్దున పక్కింటి పెద్దాయన మనవడు వచ్చాడు. ప్లంబింగ్ పని నేర్చుకుంటున్న కుర్రాడు. లోపలికి రాకుండా తిన్నగా ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి, అక్కడి సన్నటి తెల్ల ప్లాస్టిక్ పైపు పట్టుకుని చూశాడు. మన చిటికెన వేలికంటే కాస్త లావు. ఈ రకం బాయిలర్లలో పొగలోని ఆవిరి నీరుగా మారి ఆ పైపులోంచి బొట్లు బొట్లుగా బయటికి పోవాలి. బయట గడ్డకట్టి మూసుకుపోతే నీళ్ళు వెనక్కి తన్ని బాయిలర్ ఆగిపోతుంది. కెటిల్‌లో నీళ్ళు గోరువెచ్చగా చేయించుకుని, మరిగినవి వద్దు పైపు పగులుతుంది అని చెప్పి, కింది వంపు మీద మెల్లగా పోశాడు. మూడు కెటిళ్ళు. చూపుడువేలంత మంచుముక్క జారి పడింది. లోపల మీట నొక్కితే మంట అంటుకుంది. ఇరవై నిమిషాల పని. ఆ మూడు నంబర్లలో ఒక్కరు ఆ ఒక్క మాట ఫోన్లో చెప్పి ఉంటే నేనే చేసుకునేదాన్ని. నా కోపం పైపు గడ్డకట్టినందుకు కాదు, ఆ చలికి దేశమంతా వేల ఇళ్ళల్లో గడ్డకట్టాయి. నా కోపమంతా ఎవరూ చెప్పని ఆ ఒక్క మాటకే.

ఉత్తరాలు రాశాను. మా ప్రాంతపు పార్లమెంటు సభ్యుణ్ణి కలిశాను. తొమ్మిది నెలలకి ఒకాయన వచ్చి ఆ సన్న పైపు తీసి లావుది వేసి, నల్ల స్పాంజి తొడుగు చుట్టి వెళ్ళాడు. టీ ఇస్తే తాగుతూ అన్నాడు, మీ వీధిలో ఇది నాలుగోదండీ అని. నాలుగోది! అంటే తెలుసు. తెలిసి కూడా మిగతా ఇళ్ళకి ఓ కాగితం ముక్క పంపలేదు.

2014 నవంబరులో వేల్ ఆఫ్ లెవెన్ విచారణ నివేదిక వచ్చినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పైపు మార్చినాయన మాటే. రిటైరయిన జడ్జి లార్డ్ మెక్లీన్ ఐదేళ్ళు విచారించారు, కోటి పౌండ్ల దాకా ఖర్చయింది. బాధితుల కుటుంబాలు పట్టుబట్టకపోతే ఆ విచారణే ఉండేది కాదు. చేతులు కడుక్కునే బేసిన్లు చాలలేదు, మంచాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, సి డిఫ్ తేలినవాళ్ళని వెంటనే విడి గదిలోకి మార్చలేదు, మందు మొదలెట్టడంలో ఆలస్యం, రికార్డులు సరిగా లేవు. ఆ ఆస్పత్రి ఉంటుందో మూసేస్తారో తెలియని స్థితిలో ఏళ్ళ తరబడి దాని మీద ఎవరూ డబ్బు పెట్టలేదు. మలంతో తడిసిన బట్టల్ని సంచుల్లో పెట్టి ఇళ్ళకి పంపితే కుటుంబాలు మామూలుగా ఉతుక్కున్నాయి. పరీక్షల ఫలితాలు ఒక్కొక్కటిగా వస్తూనే ఉన్నాయి, వాటిని కలిపి చూసి ఇది వ్యాప్తి అని అన్నవాళ్ళు లేరు. నివేదిక వార్డు దగ్గర ఆగలేదు. ఆస్పత్రిని నడిపే ఆరోగ్య బోర్డునీ, పైన తనిఖీ అన్నదే లేకుండా వదిలేసిన ప్రభుత్వాన్నీ కూడా పట్టుకుంది. 75 సిఫార్సులు చేసింది, ప్రభుత్వం అన్నీ ఒప్పుకుంది. వాటిలో మొట్టమొదటిది నాకు నచ్చింది: రోగులకి నిజంగా ప్రమాదం ఉందనిపిస్తే, ఇక కొత్తవాళ్ళని చేర్చుకోవద్దని వార్డు మూయించే అధికారం తనిఖీ చేసేవాళ్ళకి ఉండాలని. అంటే అలారం మోగడంతో సరిపెట్టకుండా, మోగినప్పుడు చెయ్యి కదిపే అధికారం ఒకరికి ఇవ్వమనడం.

ఆస్పత్రుల విషయంలో మార్పు నా కళ్ళతో చూశాను. 2009 నుంచి చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తున్నారు, ఏం చూశారో అందరికీ తెలిసేలా ప్రకటిస్తున్నారు. పేర్లు సి అక్షరంతో మొదలయ్యే నాలుగు రకాల యాంటీబయాటిక్స్‌ని అవసరమైతే తప్ప వాడవద్దన్నారు. నేను రిటైరయ్యే ముందు ఏడాది మా వార్డులో సి డిఫ్ కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. కానీ అది 34 కుటుంబాలు పోగొట్టుకున్నాక వచ్చింది. హీటింగ్ విషయంలో అలాంటి విచారణ ఏదీ జరగలేదు. చలి ఇంట్లో పోయినవాళ్ళ మరణపత్రం మీద న్యుమోనియా అనో గుండె అనో ఉంటుంది గాని, గడ్డకట్టిన పైపు అని ఉండదు కదా.

ఉగాదినాడు చెప్పిన మాటకి ఇప్పుడు కొంత చేర్చాలి. హీటింగ్ ఉచితమే, గ్యాస్ ఉచితం కాదు. 2022 చలికాలం బిల్లులు చూశాక మేడ మీద రెండు గదుల రేడియేటర్లు ఆపేశాను, మళ్ళీ తిప్పలేదు. పెన్షనర్లకి చలికాలంలో ఇచ్చే రెండు వందల పౌండ్లు 2024లో నాబోటివాళ్ళకి తీసేశారు, మరుసటేడు ఆదాయం 35,000 పౌండ్లు దాటనివాళ్ళకి మళ్ళీ ఇస్తామన్నారు. నాకు నర్సు పెన్షన్ ఉంది కాబట్టి గడిచిపోయింది. పక్కింట్లో అది లేని ముసలావిడ ఆ చలికాలమంతా లైబ్రరీలో కూర్చుంది.

మా ఆయన 2019లో పోయారు, గుండెతో, ఇంట్లోనే, వెచ్చటి గదిలోనే. ఆ హీటింగ్ లేకపోతే అంతదాకా ఉండేవారు కాదని నా నమ్మకం. కాబట్టి, ఇలాంటి పథకం ఏదైనా మీ పెద్దవాళ్ళకి వస్తుందంటే తీసుకోమనే అంటాను. కానీ నేను నర్సుని, ఉత్తరాలు రాయగలిగినదాన్ని, పక్కింట్లో ప్లంబరు కుర్రాడున్నవాళ్ళం. మీ అమ్మ ఒక్కర్తే ఉండి, ఇంగ్లీషు ఫోన్లో అర్థం కాని మనిషైతే, సంతకం పెట్టేముందు ఒకటి అడగండి: చెడిపోతే వచ్చేదెవరు, ఆ మనిషి పేరూ నంబరూ కాగితం మీద రాసివ్వగలరా అని. బయటి పైపు ఎంత లావో కూడా కొలవండి.

పెట్టెలో బ్యాటరీ మళ్ళీ వేశాను, 2011 జనవరిలోనే. బాయిలర్‌కి ఏటా సర్వీసింగ్ నా ఖర్చుతోనే చేయిస్తున్నాను, ఇంకా నడుస్తోంది. ప్రతి అక్టోబరులో ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి స్పాంజి తొడుగు పైనుంచి కిందిదాకా చేత్తో తడిమి చూస్తాను. కిందటిసారి వంపు దగ్గర పిట్టలు పీకినట్టున్నాయి, వేలెడు మేర పైపు కనిపిస్తోంది. చలి ముదిరేలోపు కొత్తది తెప్పించి కట్టాలి.